తుపాను రోజు ఎక్కాల పరీక్ష

1986లో నేను విశాఖపట్నం వన్ టౌన్‌లో, చేపల రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఎలమంచిలి నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చేదాన్ని. బండి సరిగ్గా వస్తే మొదటి పీరియడ్ అందేది, రాకపోతే హెడ్మాస్టరుగారి ముఖం చూడాల్సి వచ్చేది. ఆ ఏడే ప్రభుత్వం మా బడికి రెండు కంప్యూటర్లు పంపించింది. ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళవలసినవి దారి తప్పి మనకి వచ్చాయేమోనని స్టాఫ్ రూములో చాలా రోజులు అనుమానపడ్డాం.

వాటిని నడపడానికి ఒక టీచరుకి ట్రైనింగ్ ఇస్తామన్నారు. ఆ మాట వినగానే మా మాస్టార్లలో ఒకాయనకి నడుంనొప్పి వచ్చింది, ఇంకొకాయనకి మేనకోడలి పెళ్ళి కుదిరింది. మెషిన్ పాడైతే నెత్తిమీదికి వస్తుందని అందరికీ భయం. చివరికి ‘మీకు నోరుంది కదమ్మా, మీరు వెళ్ళండి’ అని నన్ను పంపించారు. కంప్యూటరుకీ నోటికీ ఏమిటి సంబంధమని నేను అడగలేదు, వెళ్ళొచ్చాను.

మా హెడ్మాస్టరు సత్యానందంగారు నిజాయితీపరుడు, కానీ చాదస్తం పాలు ఎక్కువ. కంప్యూటర్లు దిగిన రోజున కొబ్బరికాయ కొట్టించి, రెండింటికీ పసుపు రాసి బొట్టు పెట్టించారు. ఆ కుంకుమ రాలి కీల మధ్యకి పోయింది. దాన్ని ఎలా తీయాలో మాత్రం ట్రైనింగులో నేర్పలేదు. గది కిటికీలకి ముదురు రంగు తెరలు కట్టించి, చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టించారు. ఆ తెరలు తీయడానికి వీల్లేదు, దుమ్ము పడుతుంది. ‘మనిషి అబద్ధం ఆడతాడమ్మా, మెషిన్ ఆడదు’ అని రోజుకొక్కసారైనా అనేవారు.

కంప్యూటర్లతో పాటు కొన్ని క్యాసెట్లు వచ్చాయి. పాటల క్యాసెట్ల లాంటివే. టేప్ రికార్డరులో పెట్టి తిప్పితే కాసేపు పిల్లిని తొక్కినట్టు అరిచి, ఆ తరవాత తెర మీద ప్రోగ్రాం వచ్చేది. అవి డ్రిల్ అండ్ ప్రాక్టీస్ ప్రోగ్రాములు. అంటే పాఠం చెప్పేవి కావు. మనం చెప్పిన పాఠాన్ని పిల్లల చేత మళ్ళీ మళ్ళీ కసరత్తు చేయించి, ఒప్పో తప్పో అప్పటికప్పుడు చెప్పేవి. ఎక్కాలకి ఒకటి ఉండేది. నల్లటి తెర, నడిమధ్యన సముద్రంలో తెరచాప ఎత్తిన చిన్న నావ. కుడివైపు చివర ఒక దీవి, ఎడమవైపు చివర ఒడ్డు. కింద లెక్క వస్తుంది. జవాబు ఒప్పయితే నావ దీవి వైపు ఒక జరుగు జరుగుతుంది. తప్పయితే అల వచ్చి ఒడ్డు వైపు నెడుతుంది. దీవి చేరితే చిన్న పాట వాయించి ‘వెల్ డన్’ అంటుంది. ఒడ్డుకి కొట్టుకొస్తే బొయ్యిమని ఏడుపు చప్పుడు చేసి ‘ట్రై అగైన్’ అంటుంది.

ఏడో తరగతిలో దాన్ని వాడటం మొదలుపెట్టాను. మెషిన్ దగ్గర ముగ్గురేసి కూర్చునేవాళ్ళు. ఒకరు కొడతారు, ఒకరు జవాబు చెబుతారు, ఒకరు నోరు మూసుకుని చూస్తారు. మూడోది అన్నిటికన్నా కష్టమైన పని. నావ దీవి చేరగానే వంతు మారిపోయేది. ఎక్కాలంటే పారిపోయే పిల్లలు ఇంటర్వెల్లు మానేసి కూర్చుంటుంటే నాకు లోపల ఎంతో గర్వంగా ఉండేది.

ఆ క్లాసులో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. రేవు నుంచి చేపల వేటకి వెళ్ళే అప్పలరాజు కూతురు. సన్నగా, చురుగ్గా, మాటకి మాట అప్పజెప్పే రకం. ఆరో తరగతిలో ఎక్కాలు అసలు వచ్చేవి కావు. ఆ ఏడు ఏడో తరగతి కామన్ పరీక్ష గట్టెక్కితేనే చదువు, లేకపోతే తల్లితో పాటు చేపల గంప ఎత్తడమేనని తండ్రి తేల్చి చెప్పేశాడు. నేను ఒకసారి వాళ్ళ ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చాను. ‘పాసైతే సదువుకోనీ టీచరమ్మా, పేలైతే మాత్రం నా మాట నాదే’ అన్నాడు. అందుకని ఆ పిల్లని కాస్త ఎక్కువగానే తోమాను. దసరా నాటికి నూకాలు నావ ఎక్కడా ఆగకుండా దీవికి వెళ్ళిపోతుండేది.

నవంబరు వచ్చింది. కామన్ పరీక్షకి పేర్లు పంపాలి. గట్టెక్కరనుకున్నవాళ్ళ పేర్లు ఆపేస్తే బడికి పాస్ పర్సంటేజీ పెరుగుతుందని సత్యానందంగారి లెక్క. ఎవరిని ఆపాలో ఎవరూ మొహమాటపడకుండా కంప్యూటరే తేలుస్తుందని ఆయనకి ఒక శుభముహూర్తాన తోచింది. సరిగ్గా ఆ వారమే సముద్రంలో తుపాను పుట్టింది. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. పట్టాల మీదికి నీళ్ళొచ్చి మా పాసింజరు ఎలమంచిలిలోనే నిలిచిపోయింది. నేను బడికి వెళ్ళలేకపోయాను. హెడ్మాస్టరుగారు నా కోసం ఆగలేదు. మెషిన్ ఎలా నడపాలో రాసి గోడకి నేను వేలాడదీసిన కాగితం చూసి, బటన్లు నొక్కి, తానే కూర్చుని ఏడో తరగతి మొత్తానికి ఎక్కాల పరీక్ష పెట్టేశారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురయ్యారు.

“చూశారామ్మా? కాలనీ పిల్లలు, ఆఫీసుల్లో పని చేసేవాళ్ళ పిల్లలు, అందరూ దీవికి చేరారు. రేవు పిల్లలు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చేరలేదు. అందరివీ ఒడ్డుకే. మీరు ఎంతసేపూ ఆ నూకాలు, నూకాలు అంటారు కదా. ఒక్క లెక్క కూడా రైటు కొట్టలేదు.”

“అలా జరగదండీ. మొన్నటిదాకా అన్నీ చెప్పింది.”

“మెషిన్ అబద్ధం ఆడదు కదమ్మా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రేవు పిల్లలకి లెక్కలు రావని ఆయన నోటితో అనలేదు కానీ ముఖం నిండా అదే రాసి ఉంది. తల్లిదండ్రులకి కబురు కూడా పంపేశారట. సూటిగా క్లాసుకి వెళ్ళి నూకాలుని చెయ్యి పట్టుకుని కంప్యూటరు గదికి తీసుకుపోయాను. బయట జల్లు ఇంకా పడుతూనే ఉంది. క్యాసెట్టు పెట్టి, నేను వెనక నిలబడ్డాను.

ఏడెనిమిదులు అడిగింది మెషిన్. నూకాలు యాభై ఏడు కొట్టింది. అల వచ్చి నావని నెట్టింది. ఆరు తొమ్మిదులకి యాభై అయిదు. ఎనిమిది తొమ్మిదులకి డెబ్బై మూడు. నాలుగో లెక్కకి నాకు ఏదో తట్టింది. ప్రతి జవాబూ అసలు దానికన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. ఎక్కాలు రాని పిల్లలు గుడ్డిగా కొడితే మధ్యలో ఒకటో రెండో ఒప్పయి కూర్చుంటాయి. ఇలా ప్రతి ఒక్కటీ తప్పు కొట్టాలంటే ముందు ప్రతి ఒక్కటీ వచ్చి ఉండాలి.

“నూకాలూ, ఏడెనిమిదులు ఎంత?”

“యాభయ్యారు టీచర్.”

“మరి యాభై ఏడు ఎందుకు కొట్టావు?”

“సెప్తే తిడతారు.”

“తిట్టను, చెప్పు.”

“మీరు తిట్టనని సెప్పి మరీ తిడతారు టీచర్.”

ఆ మాటకి మామూలు రోజయితే నిజంగానే తిట్టేదాన్ని. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. తెర వైపు చూస్తూ చెప్పింది.

“మూడో నెంబరు ఎగరేసినారు గదా టీచర్. నావేమో నడిసంద్రంలో ఉంది. రైటేస్తే ఇంకా నోపలికి ఎల్లిపోతాది. తప్పేస్తే ఒడ్డుకొచ్చేస్తాది. మరేటి సెయ్యమంటారు?”

“అది బొమ్మ కదే.”

“బొమ్మేనని తెలుసు టీచర్. అయినా నా సేత్తో నానెలా తోసీను? మా అయ్య ఇంకా రానేదు.”

వాళ్ళ నాన్న వేటకి వెళ్ళి రెండు రాత్రులయింది, ఇంకా రాలేదు. ఆ పిల్లే కాదు, మిగతావాళ్ళని అడిగితే తెలిసింది, రేవు నుంచి వచ్చిన పిల్లలందరూ అదే పని చేశారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ గాలిలో నావని ఎటు తిప్పాలో వాళ్ళలో ఎవరికీ ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. మా హెడ్మాస్టరుగారు మాత్రం తెరలన్నీ మూసుకుని ఎక్కాల పరీక్ష పెట్టానని అనుకున్నారు. ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, ‘వచ్చేస్తాడే, ఏం కాదు’ అన్నాను. నాకే నమ్మకం లేదు. ఆ సాయంత్రం బండిలో ఇంటికి వెళ్ళేదాకా దేవుడికి దండాలు పెడుతూనే ఉన్నాను.

మర్నాడు తెల్లారేసరికి అప్పలరాజు వచ్చేశాడు. గాలికి పూడిమడక దగ్గర ఒడ్డెక్కి, అక్కడే ఉండి, వాన తగ్గాక వచ్చాడట. నేను ఆ సంతోషంతో హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.

“ఏటమ్మా, తుపానొస్తే ఎక్కాలు మారిపోతాయా?” అన్నారు ఆయన.

“ఎక్కాలు మారవండీ. కానీ నావని ఎక్కడికి పంపాలో మారుతుంది.”

“మెషిన్ అబద్ధం...”

“ఆడదండీ. జవాబు తప్పని చెప్పింది, అది నిజమే. ఎందుకు తప్పు కొట్టిందో మీరూ అడగలేదు, అదీ అడగలేదు.”

ఆయన నన్ను కళ్ళజోడు పైనుంచి చూశారు. అంతలో అప్పలరాజు గుమ్మంలోకి వచ్చాడు. బడి నుంచి అందిన కబురు విని సముద్రం మీది అలసట తీరకుండానే వచ్చేసినట్టున్నాడు. వెనకాల నూకాలు, అప్పటికే ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“బాబూ, మాలాటోళ్ళకి సదువెందుకని నాను ముందే సెప్పినాను. టీచరమ్మ ఇనుకోనేదు. ఒక్కటీ రైటు కొట్టనేదంట గదా. టీసీ ఇచ్చీయండి, గుంటని తీసుకుపోతాను.”

హెడ్మాస్టరుగారు టీసీ పుస్తకం కోసం బల్ల సొరుగు లాగబోయారు. నేను ఆ సొరుగు మీద చెయ్యి వేశాను. ఉద్యోగంలో అంత పని చేయడం అదే మొదటిసారి. ఆ చెయ్యి తీయకుండానే అప్పలరాజుకి అంతా చెప్పాను. నావ ఎక్కడ ఉందో, ఒప్పు కొడితే ఎటు పోతుందో, తప్పు కొడితే ఎటు వస్తుందో, ఆ రోజు రేవులో ఏం ఎగిరిందో. అప్పలరాజు కూతురి వైపు తిరిగాడు.

“నాకోసమా?”

“నువ్వు రానేదు గదా అయ్యా.”

అప్పలరాజు భుజం మీది తువ్వాలు తీసి ముఖం గట్టిగా తుడుచుకుని, గది ఉక్కగా ఉందన్నాడు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. హెడ్మాస్టరుగారు కూడా ఎందుకో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కానీ వెంటనే ఆయన చాదస్తం ఆయనకి గుర్తొచ్చింది.

“మాటలు వద్దు. నా కళ్ళ ముందర కొట్టాలి. కొడితే పేరు పంపుతాను. లేకపోతే టీసీ.”

నలుగురం కంప్యూటరు గదికి వెళ్ళాం. అప్పలరాజు కాళ్ళకి చెప్పులు లేవు, ఇసక ఉంది. ఆ ఇసక చూసి హెడ్మాస్టరుగారు పడ్డ బాధ చెప్పలేను. క్యాసెట్టు అరవడం మొదలుపెట్టగానే అప్పలరాజు, “దీనికేటైనా జబ్బా?” అని నన్ను మెల్లగా అడిగాడు. తెర మీద నావ వచ్చింది. ఏడు తొమ్మిదులు అని లెక్క వచ్చింది. నూకాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కదలదు.

“చూశారా?” అన్నారు హెడ్మాస్టరుగారు.

అప్పుడు నూకాలు మెడ తిప్పి తండ్రిని చూసింది.

“అయ్యా, పంపొచ్చా?”

అప్పలరాజుకి నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకి నవ్వే మనిషి కాదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి తెర పక్కకి లాగేశాడు.

“తెర తీయకూడదయ్యా, దుమ్ము,” అన్నారు హెడ్మాస్టరుగారు.

“ఉండండి బాబూ, సూడనీండి.”

ఇళ్ళ మధ్య నుంచి అరచేయంత సముద్రం కనబడుతోంది. అప్పలరాజు తాపీగా ఆ సముద్రాన్ని చూశాడు, మబ్బుని చూశాడు, తువ్వాలు చివర పట్టుకుని గాలి ఎటుందో చూశాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని ఆయన్ని చూస్తున్నాం. ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరు, ఒక పరీక్ష మొదలుపెట్టడానికి జాలరి గాలి చూసే దాకా ఆగడం అంతకుముందు ఎక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

“గాలి మల్లింది. పంపీ.”

నూకాలు అరవై మూడు కొట్టింది. ఇక ఆగలేదు. లెక్క పూర్తిగా తెర మీదికి రాకముందే జవాబు పడుతోంది. నావ గబగబా దీవికి చేరింది. మెషిన్ పాట వాయించి ‘వెల్ డన్’ అని, తెరంతా తుడిచేసి నల్లగా చేసేసింది. హెడ్మాస్టరుగారి నోరు తెరుచుకునే ఉంది. నేను చప్పట్లు కొట్టబోయాను. అప్పలరాజు మాత్రం తెర దగ్గరికి వంగాడు.

“నావేదీ?”

“చేరిపోయిందండీ. అయిపోయింది,” అన్నాను.

“సేరిపోతే అయిపోడమేటమ్మా? ఎనక్కి ఎవులు తెత్తారు?”

నేను హెడ్మాస్టరుగారిని చూశాను. ఆయన నన్ను చూశారు. ఆయనే గొంతు సవరించుకుని, “అది ఇంకో క్యాసెట్టులో ఉంటుందనుకుంటాను” అన్నారు. ఆ మనిషి ఉద్యోగంలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదేనని నా నమ్మకం.

మాట ఇస్తే మాత్రం తప్పే మనిషి కాదు. నూకాలు పేరు అప్పుడే రాయించారు. రేవు పిల్లలందరికీ మళ్ళీ పరీక్ష పెడదామని ఆయనే అన్నారు. కానీ మొదటి కుర్రాడు కుర్చీలో కూర్చుని, కీల మీద చెయ్యి వేయకుండా కిటికీ వైపు చూశాడు. హెడ్మాస్టరుగారు ఒక్క క్షణం ఆలోచించి, అప్పలరాజుకి టీ తెప్పించి, మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గరే నిలబెట్టేశారు. ప్రతి పిల్లవాడూ అటు చూడటం, ఆయన తల ఊపడం, నావ బయలుదేరడం. ఆ పూట దాదాపు అన్ని నావలూ దీవికి చేరాయి. తరవాత ఎప్పుడు ఎక్కాల పరీక్ష పెట్టాలన్నా, ఓడరేవులో ఏమైనా ఎగిరిందేమో చూసి రమ్మని ముందు అటెండరుని పంపించేవారు.

అప్పలరాజు అడిగిన మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ట్రైనింగులో బేసిక్ అనే కంప్యూటరు భాష కొంత నేర్పారు. ప్రోగ్రాం అంటే ఆ భాషలో వరస నంబర్లతో రాసిన ఆజ్ఞలు, వాటిని మనం మార్చుకోవచ్చు. ఆదివారం కూడా వచ్చి కూర్చుని, దీవి చేరిన నావ మళ్ళీ ఒడ్డుకి వచ్చేలా మార్చాను. రావాలన్నా ఒప్పు జవాబులే చెప్పాలి. మొదటి ప్రయత్నంలో నావ దీవి మీది కొబ్బరిచెట్టెక్కింది. రెండోసారి తలకిందులుగా వచ్చింది. చివరికి బాగానే కుదిరింది. ఇక చూడండి, పిల్లలు దీవి చేరాక లేచిపోవడం మానేశారు. నావని ఇంటికి తెచ్చేదాకా ఎవరూ కుర్చీ వదలరు. అంతవరకు చేసే లెక్కలకి రెట్టింపు చేస్తున్నారు. కాలనీ పిల్లలు మాత్రం, పిక్నిక్కుకి వెళ్ళి అప్పుడే వచ్చేయమంటారేం టీచర్ అని సణిగారు.

ఆ తరవాత కొత్తగా వచ్చే టీచర్లకి నేనే ట్రైనింగ్ ఇచ్చాను. కసరత్తు చేయించే మెషిన్‌ని తీర్పు చెప్పే మెషిన్‌గా చేయకండని చెప్పేదాన్ని. తప్పు చూడగానే మార్కు వేసి వెళ్ళిపోకుండా, కాసేపు పిల్ల పక్కన కూర్చోమనేదాన్ని. మెషిన్‌కి జవాబు తెలుసు, ఆ పిల్లకి ఏం కావాలో తెలియదు. అది అడగడానికే మనకి జీతం ఇస్తున్నారని చెబితే కొందరు నవ్వేవాళ్ళు, కొందరు రాసుకునేవాళ్ళు.

నూకాలు ఏడో తరగతి పాసైంది, లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. పరీక్ష రోజు పొద్దున్న సెంటరు గేటు దగ్గర మా పిల్లలందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాను. నూకాలుని మాత్రం పక్కకి పిలిచాను.

“ఈ పేపరులో నావ ఏదీ ఉండదు. ఎవరి కోసమూ తప్పు రాయక్కర్లేదు. వచ్చినవన్నీ రాసేయ్.”

“మా అయ్య కూడా అదే సెప్పినాడు టీచర్,” అంది. “ఒడ్డు సంగతి నాను సూసుకుంతాను, నువ్వు ఎంత దూరమైనా ఎల్లు అన్నాడు.”